కోకాకోలా ఫార్ములాతో వెళ్లిపోయింది, బేయర్ పేటెంట్ మాత్రం ఇక్కడే ఉండిపోయింది

ఈ ఎపిసోడ్ చూస్తున్నవాళ్లలో థమ్సప్ రుచి తెలియనివాళ్లు చాలా తక్కువమంది ఉంటారు. బిర్యానీ పార్సిల్ వచ్చిందంటే పక్కన ఆ బాటిల్ ఉండాల్సిందే. ఇప్పుడు అది కోకాకోలా వాళ్ల బ్రాండ్. కానీ థమ్సప్ పుట్టింది 1977లో. అంటే కోకాకోలా మన దేశం వదిలి వెళ్లిపోయిన సంవత్సరంలోనే. ఆ కంపెనీ ఎందుకు వెళ్లింది అంటే, చిన్నప్పటి నుంచి మనం వింటున్న జవాబు ఒకటుంది: "ఫార్ములా చెప్పమన్నారు, వాళ్లు చెప్పలేదు, వెళ్లిపోయారు." జవాబు దాదాపు కరెక్టే. కానీ దాని వెనకున్న కథ చాలా పెద్దది. అది కూల్‌డ్రింక్ దగ్గర మొదలై మన హైదరాబాద్‌లో క్యాన్సర్ మందు దగ్గరికి వస్తుంది.

టాపిక్ ఏంటంటే, ఒక విదేశీ కంపెనీ వేరే దేశానికి వచ్చి వ్యాపారం చేసేటప్పుడు తన తెలివిని, అంటే ఫార్ములాని, బ్రాండ్ పేరుని, కనిపెట్టిన మందుని ఎలా కాపాడుకుంటుంది? ఆ దేశం దానికి ఎంతవరకు ఒప్పుకుంటుంది?

నేను బీటెక్ అయ్యాక కొన్నేళ్లు కోడింగ్ ఉద్యోగం చేశాను. చేరిన మొదటి రోజే ఒక ఒప్పందం మీద సంతకం పెట్టించారు. నేను రాసే ప్రతి లైనూ విదేశంలో ఉన్న క్లయింట్‌ది. ల్యాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్ పెడితే పనిచేయదు, పర్సనల్ మెయిల్ ఓపెన్ అవ్వదు. చూస్తున్నవాళ్లలో ఐటీలో ఉన్నవాళ్లకి ఇదంతా రోజూ ఉండేదే. ఇది ఒక రకం కాపలా: రహస్యం. ఎవరికీ చూపించకు, చూపించినవాళ్ల దగ్గర సంతకం తీసుకో. కోకాకోలాది కూడా ఇదే పద్ధతి.

1886లో అట్లాంటాలో జాన్ పెంబర్టన్ అనే ఫార్మసిస్ట్ తయారుచేసిన డ్రింక్ అది. ఫార్ములా కాగితాన్ని 1925 నుంచి అట్లాంటాలోనే ఒక బ్యాంక్ లాకర్‌లో దాచారు. 2011లో బయటికి తీసి తమ మ్యూజియంలో ఒక పెద్ద ఖజానా కట్టి అందులో పెట్టారు. అది కాపలా ఎంతో, పబ్లిసిటీ కూడా అంత. అసలు కాపలా మాత్రం వ్యాపారం నడిపే పద్ధతిలోనే ఉంది. బయటి దేశాల్లో బాటిళ్లు నింపేది లోకల్ వాళ్లు. వాళ్లకి వచ్చేది కాన్‌సెంట్రేట్, అంటే చిక్కటి మూల ద్రావకం. అందులో నీళ్లు, పంచదార, గ్యాస్ కలపడం వీళ్ల పని. కాన్‌సెంట్రేట్‌లో ఏముందో వీళ్లకి తెలియదు. మన భాషలో చెప్పాలంటే ఎగ్జిక్యూటబుల్ ఫైల్ ఇస్తారు, సోర్స్ కోడ్ ఇవ్వరు.

1973లో ఇందిరా గాంధీ ప్రభుత్వం ఫెరా అనే చట్టం తెచ్చింది. విదేశీ మారకం దేశం దాటిపోకుండా పట్టుకోవడం దాని ఉద్దేశం. అందులో సెక్షన్ 29 కింద, మామూలు వ్యాపారాలు చేసే విదేశీ కంపెనీలు తమ వాటాని 40 శాతానికి తగ్గించుకోవాలి. చాలా కంపెనీలు తగ్గించుకుని ఇక్కడే ఉన్నాయి. కోకాకోలా మాత్రం ఇక్కడ పూర్తిగా విదేశీ యాజమాన్యంతో నడుస్తోంది.

1977లో జనతా ప్రభుత్వం వచ్చింది. పరిశ్రమల మంత్రి జార్జ్ ఫెర్నాండెజ్. 60 శాతం వాటా భారతీయులకి ఇవ్వండి, తయారీ పరిజ్ఞానం కూడా ఇక్కడి కంపెనీకి బదిలీ చేయండి అన్నారు. చాలామందికి తెలియని ముక్క ఇక్కడుంది. వాటా విషయంలో కోకాకోలా బేరానికి దిగింది. బాటిల్ తయారీకి ఇండియన్ కంపెనీ పెడతాం, అందులో మాకు 40 శాతం చాలు, కానీ కాన్‌సెంట్రేట్ చూసుకునే ఒక ఆఫీసు మాత్రం పూర్తిగా మా చేతిలో ఉండాలి, క్వాలిటీ చూసుకోవడానికి అన్నారు. అంటే ఫ్యాక్టరీ తీసుకోండి, సోర్స్ కోడ్ రూమ్ తాళం మాత్రం మా దగ్గరే ఉంటుంది అని. ప్రభుత్వం కుదరదంది. కంపెనీ సర్దుకుని వెళ్లిపోయింది.

వెళ్లిపోతూ ఏం తీసుకెళ్లింది? ఫార్ములాని. ఏం వదిలేసింది? బాటిళ్లు, ప్లాంట్లు, రుచి అలవాటైన జనాన్ని. రహస్యంలో ఉన్న బలం ఇదే, నువ్వు వెళ్లిపోతే అదీ నీతోనే వస్తుంది. ప్రభుత్వం మైసూర్‌లోని సీఎఫ్‌టీఆర్ఐ సైంటిస్టులతో ఒక కోలా తయారుచేయించి, మోడర్న్ ఫుడ్ ఇండస్ట్రీస్ ద్వారా "77" అనే పేరుతో అమ్మింది. డబుల్ సెవెన్ అనేవాళ్లు. మీ తాతయ్యని అడిగితే గుర్తుండొచ్చు. అది నిలబడలేదు. పార్లే వాళ్ల థమ్సప్, కోకాకోలాకి పాత బాట్లర్ అయిన ప్యూర్ డ్రింక్స్ వాళ్ల కాంపా కోలా నిలబడ్డాయి. 1993లో కోకాకోలా తిరిగొచ్చి థమ్సప్‌ని పార్లే నుంచి కొనేసింది. పదహారేళ్లు రుచిని కాపీ కొట్టలేకపోయిన దేశం, వేరే రుచిని పెంచుకుంది. చివరికి ఫార్ములా ఉన్నవాడు కూడా ఆ రుచిని డబ్బిచ్చి కొనాల్సి వచ్చింది. నాకైతే ఈ కథలో ఇదే బెస్ట్ పార్ట్.

మధ్యలో బ్రాండ్ పేర్ల గొడవ కూడా ఒకటి నడిచింది. దాన్ని తొందరగా చెప్పేస్తాను. పెప్సీ ఇండియాకి వచ్చినప్పుడు విదేశీ పేరు ఒక్కదాన్నే పెట్టి ఇక్కడ అమ్మడానికి పర్మిషన్ లేదు. అందుకే 1990లో అది "లెహర్ పెప్సీ"గా దిగింది. తర్వాత 1996లో వర్ల్‌పూల్ కేసు వచ్చింది. ఆ పేరు మీద ఇండియాలో వాళ్లకున్న రిజిస్ట్రేషన్ 1977లోనే ముగిసిపోయింది, రెన్యువల్ చేసుకోలేదు. ఇక్కడివాళ్లు ఆ పేరుతో వాషింగ్ మెషిన్లు అమ్మడం మొదలుపెట్టారు. సుప్రీంకోర్టు ఏమందంటే, మీరు ఇక్కడ పెద్దగా అమ్మకపోయినా విదేశీ మ్యాగజైన్ల ద్వారా, ప్రకటనల ద్వారా మీ పేరు సరిహద్దు దాటి ఇక్కడికి చేరింది, కాబట్టి ఆ పేరు మీదే. విదేశీ కంపెనీ గెలిచింది. ఇలాంటి కేసుల్లో మన కోర్టులు విదేశీ కంపెనీల వైపు నిలబడటానికి పెద్దగా ఇబ్బంది పడలేదు. అదే పేరుతో వాషింగ్ మెషిన్ దొరకకపోతే ఎవరి ప్రాణమూ పోదు కదా.

ఇప్పుడు ప్రాణం పోయే విషయానికి వద్దాం. మందులు.

మందు విషయంలో కోకాకోలా ట్రిక్ పనిచేయదు. ఒక మాత్ర కొని ల్యాబ్‌కి తీసుకెళ్తే అందులో ఏ అణువు ఉందో మంచి కెమిస్ట్ కనిపెట్టేస్తాడు. పైగా మందు అమ్మాలంటే అందులో ఏముందో ప్రభుత్వానికి చెప్పి తీరాలి. దాచడం కుదరదు. కాబట్టి మందుల కంపెనీలు నమ్ముకునేది పేటెంట్‌ని.

పేటెంట్ అంటే దాచిపెట్టే హక్కు అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఉల్టా. నువ్వు కనిపెట్టింది ఏంటో, ఎలా చేయాలో మొత్తం రాసి ప్రభుత్వానికి ఇవ్వాలి, అది అందరూ చదివేలా పబ్లిష్ అవుతుంది. బదులుగా కొన్నేళ్ల పాటు వేరేవాళ్లు దాన్ని చేయకుండా ప్రభుత్వం కాపలా కాస్తుంది. కోడ్ మొత్తం పబ్లిక్ రిపాజిటరీలో పెట్టి, ఇరవై ఏళ్లు నా పర్మిషన్ లేకుండా వాడొద్దు అని లైసెన్స్ ఫైల్‌లో రాసినట్టు. అది రాతే. దాన్ని అమలు చేసేది కోర్టు, పోలీసు, చట్టం, అంటే మనం వ్యాపారం చేస్తున్న దేశం. ఆ దేశం రూల్ మారిస్తే? కోకాకోలా లాగా సర్దుకుని వెళ్లిపోవచ్చు, కానీ రాసిచ్చిన కాగితం ఇక్కడే ఉంటుంది. అందరూ చదివేశారు.

స్వాతంత్ర్యం వచ్చినప్పుడు మనకున్నది బ్రిటిష్ వాళ్లు 1911లో చేసిన పేటెంట్ చట్టం. మందు మీద పేటెంట్ ఉంటే దానికి ఎదురులేదు. 1960లలో బొంబాయి హైకోర్టులో ఒక కేసు నడిచింది. జర్మనీ కంపెనీ హెక్స్ట్, మన కంపెనీ యూనికెమ్. షుగర్ వ్యాధికి వాడే టోల్బ్యుటమైడ్ అనే మందు. యూనికెమ్ ఆ మందు తయారుచేసి అమ్మింది, హెక్స్ట్ కోర్టుకెళ్లి గెలిచింది. పాత చట్టం కింద గెలవడం మామూలే.

కానీ అప్పటికే ప్రభుత్వంలో వేరే ఆలోచన నడుస్తోంది. జస్టిస్ ఎన్. రాజగోపాల అయ్యంగార్ 1959లో ఒక రిపోర్ట్ ఇచ్చారు. అందులో తేలిన లెక్క వింటే ఆశ్చర్యంగా ఉంటుంది. ఇండియాలో ఉన్న పేటెంట్లలో 80 నుంచి 90 శాతం విదేశీయులవి. వాటిలో 90 శాతం పైగా ఇక్కడ అసలు వాడనే లేదు. అంటే ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టడానికి కాదు, ఇంకెవరూ పెట్టకుండా ఆపడానికి పేటెంట్ తీసుకున్నారు. ఖాళీ సీట్ మీద కర్చీఫ్ వేసినట్టు. మన బస్సుల్లో అయితే కర్చీఫ్ వేసినవాడు కనీసం వచ్చి కూర్చుంటాడు! సుమారుగా అదే కాలంలో అమెరికా సెనేట్‌లో కెఫావర్ కమిటీ మందుల ధరల మీద విచారణ జరిపింది. ప్రపంచంలో మందుల ధరలు బాగా ఎక్కువగా ఉన్న దేశాల్లో ఇండియా ఒకటని వాళ్ల రిపోర్టులోనే వచ్చింది. అత్యంత పేద దేశాల్లో ఒకటి, అత్యంత ఖరీదైన మందులు.

అయ్యంగార్ గారు చెప్పినదాని మీద పదేళ్లకు పైగా వాదనలు నడిచి, చివరికి 1970లో కొత్త పేటెంట్ చట్టం పాసైంది. 1972 ఏప్రిల్ 20 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో అసలు మార్పు ఒక్కటే. ఆహారం, మందుల విషయంలో వస్తువు మీద పేటెంట్ ఇవ్వరు, తయారుచేసే పద్ధతి మీద మాత్రమే ఇస్తారు. అది కూడా గరిష్ఠంగా ఏడేళ్లే.

పులిహోరతో చెప్తాను. వస్తువు మీద పేటెంట్ అంటే "పులిహోర నాది, ఎవరూ ఏ రకంగానూ చేయకూడదు". పద్ధతి మీద పేటెంట్ అంటే "చింతపండు గుజ్జుతో చేసే పద్ధతి నాది". అప్పుడు నువ్వు నిమ్మకాయ పిండుకుని చేసుకో, ఎవరూ ఏమీ అనరు. ఇంట్లో అయితే రెండిటి రుచి వేరు, నాకు చింతపండుదే ఇష్టం. కానీ కెమిస్ట్రీలో అలా కాదు, ఏ దారిలో వెళ్లినా చివర వచ్చే అణువు ఒక్కటే, పనిచేసేదీ ఒక్కలాగే. సాఫ్ట్‌వేర్ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు: అవుట్‌పుట్ అదే, ఇంప్లిమెంటేషన్ వేరే.

ఈ చట్టం వచ్చాక కొత్త దారి వెతకగలిగిన కెమిస్టులు ఎక్కడుంటే అక్కడ పరిశ్రమ పుట్టింది. అలాంటి చోటు హైదరాబాద్. ఎందుకంటే సోవియట్ యూనియన్ సాయంతో పెట్టిన ప్రభుత్వ సంస్థ ఐడీపీఎల్ సింథటిక్ మందుల ప్లాంట్ ఇక్కడే ఉంది. బాలానగర్ వైపు వెళ్లేవాళ్లకి ఐడీపీఎల్ అంటే ఇప్పుడొక స్టాప్ పేరు, ఒక కాలనీ పేరు. అప్పుడది కాలేజీ లాంటిది. గుంటూరు జిల్లా తాడేపల్లి నుంచి వచ్చిన కె. అంజిరెడ్డి గారు అక్కడే పనిచేసి, బయటికొచ్చి, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. అలా అక్కడ పని నేర్చుకుని బయటికొచ్చి సొంతంగా పెట్టినవాళ్లు చాలామంది. అమెరికాలో ఫార్మా కంపెనీల్లో పనిచేసి వచ్చిన నన్నపనేని వెంకయ్య చౌదరి గారు 1981లో నాట్కో పెట్టారు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

హైదరాబాద్‌లో "ఏపీఐ" అనే మాటకి రెండు అర్థాలు. హైటెక్ సిటీలో అడిగితే రెండు సాఫ్ట్‌వేర్లు మాట్లాడుకునే దారి. జీడిమెట్లలో అడిగితే మందులో పనిచేసే అసలు పదార్థం. రెండో అర్థమే ముందు వచ్చింది, దాన్ని పుట్టించింది 1970 చట్టం. 1970లో మన మందుల మార్కెట్లో మూడింట రెండొంతులు విదేశీ కంపెనీలదే. 2000ల మధ్యకి వచ్చేసరికి అది నాలుగో వంతు కూడా లేదు. దీని ఖర్చు కూడా ఒకటుంది, చెప్పకుండా దాటేయడం కరెక్ట్ కాదు. పటాన్‌చెరు, బొల్లారం చుట్టుపక్కల ఊళ్ల బావులు, చెరువులు, నక్కవాగు ఈ ఫ్యాక్టరీల నీళ్లతో పాడైపోయాయి. ప్రపంచానికి చవక మందు ఇచ్చాం అని చెప్పుకునేటప్పుడు ఆ ఊళ్లని కూడా లెక్కలో వేయాలి.

చవక మందు అంటే ఎంత చవక? 2001లో ముంబై కంపెనీ సిప్లా, మూడు హెచ్ఐవీ మందుల కోర్సు ఏడాదికి 350 డాలర్లకి ఇస్తామంది. అప్పటికి పాశ్చాత్య దేశాల్లో అదే కోర్సు 10,000 డాలర్ల పైనే. తర్వాత హైదరాబాద్ నుంచి హెటెరో, అరబిందో లాంటి కంపెనీలు కూడా ఆఫ్రికాకి ఆ మందులు పంపాయి.

విదేశీ కంపెనీలు ఇదంతా చూస్తూ కూర్చోలేదు. ఒక్కో దేశంతో ఒక్కోసారి కొట్లాడే బదులు, రూల్‌ని పై లెవెల్‌లో మార్పించాలని పట్టుబట్టాయి. వాణిజ్య చర్చల్లో పేటెంట్లని కూడా కలిపించాయి. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ, డబ్ల్యూటీవో, పుట్టినప్పుడు దానితో పాటే ట్రిప్స్ అనే ఒప్పందం వచ్చింది. సభ్య దేశం అయితే మందు మీద వస్తువు పేటెంట్ ఇచ్చి తీరాలి. ఇండియాకి 2005 వరకు టైమ్ ఇచ్చారు. నా లెక్కలో విదేశీ కంపెనీలు వాడిన అన్నిటికన్నా తెలివైన ఎత్తు ఇదే. ఇంటి యజమానితో గొడవపడకుండా ఊరి పెద్దల దగ్గర తీర్మానం చేయించుకోవడం.

అయితే తీర్మానంలో కొన్ని సందులు ఉన్నాయి, అవి ఉండాలని మన లాంటి దేశాలే పట్టుబట్టాయి. 2005లో మన పార్లమెంట్ చట్టం మార్చినప్పుడు రెండు విషయాలు జాగ్రత్తగా ఉంచుకుంది. ఒకటి సెక్షన్ 3(డి): పాత మందుకే కొత్త రూపం ఇచ్చి, అది ఇంకా మెరుగ్గా పనిచేస్తుందని చూపించకపోతే కొత్త పేటెంట్ ఇవ్వరు. రెండోది సెక్షన్ 84, కంపల్సరీ లైసెన్స్: పేటెంట్ ఇచ్చిన మూడేళ్ల తర్వాత, ఆ మందు జనానికి సరిపడా అందకపోయినా, అందుబాటు ధరలో లేకపోయినా, ఇండియాలో ఆ పేటెంట్‌ని వినియోగంలో పెట్టకపోయినా, ప్రభుత్వం వేరే కంపెనీకి తయారుచేసుకోమని పర్మిషన్ ఇవ్వొచ్చు. అసలు కంపెనీకి రాయల్టీ వెళ్తుంది. అయ్యంగార్ గారు చూసిన ఆ కర్చీఫ్ గుర్తుందా? మూడో పాయింట్ దానికోసమే.

మొదటి దానికి దొరికింది స్విట్జర్లాండ్ కంపెనీ నోవార్టిస్. బ్లడ్ క్యాన్సర్ మందు గ్లివెక్. నెలకి సుమారు 1,20,000 రూపాయలు. నాట్కో లాంటి కంపెనీలు అదే మందుని 10,000 లోపు ఇస్తున్నాయి. పేటెంట్ తేలేలోపే 2003లో నోవార్టిస్‌కి ఇక్కడ తాత్కాలికంగా ఒంటరిగా అమ్ముకునే హక్కు దొరికింది. దాంతో మద్రాస్ హైకోర్టులో కొన్ని జెనరిక్ కంపెనీలని ఆపించింది కూడా. 2006లో చెన్నై పేటెంట్ ఆఫీసు దరఖాస్తుని తిరస్కరించింది. నోవార్టిస్ ఏకంగా సెక్షన్ 3(డి)నే రాజ్యాంగ విరుద్ధం అని కోర్టులో సవాలు చేసింది, 2007లో ఓడిపోయింది. చివరికి 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కూడా పేటెంట్ లేదంది.

రెండోది ఇంకా ఆసక్తిగా ఉంటుంది, ఎందుకంటే ఇక్కడ పేటెంట్ సరైనదే. జర్మనీ కంపెనీ బేయర్, మందు నెక్సావర్. లివర్, కిడ్నీ క్యాన్సర్ బాగా ముదిరినవాళ్లకి వాడతారు. జబ్బు నయం చేయదు, బతికే నెలల్ని పెంచుతుంది. 2008 మార్చిలో ఇండియాలో పేటెంట్ వచ్చింది. నెల మందు ధర 2,80,428 రూపాయలు. ఇంట్లో ఒక మనిషికి ఇంకొన్ని నెలల ఆయుష్షు కొనాలంటే నెలకి రెండు లక్షల ఎనభై వేలు. ఏ పొలం, ఏ ఇల్లు అమ్మాలి అన్నదే అక్కడ ప్రశ్న.

బేయర్ తన కాపలాని గట్టిగానే పెట్టుకుంది. సిప్లా ఆ మందు తయారీకి సిద్ధమవుతుంటే, పేటెంట్ ఉన్న మందుకి డ్రగ్ కంట్రోలర్ అసలు పర్మిషన్ ఇవ్వకూడదని ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది. 2009లో కోర్టు ఒప్పుకోలేదు. మందు సురక్షితమా కాదా చూడటం ఆ అధికారి పని, మీ పేటెంట్‌కి వాచ్‌మన్ డ్యూటీ చేయడం ఆయన పని కాదు అన్నట్టు. సిప్లా 30,000 దగ్గర అమ్మడం మొదలుపెట్టింది, బేయర్ దాని మీద కేసు వేసింది.

ఇక్కడ నాట్కో వచ్చింది. ముందు బేయర్‌ని మర్యాదగా లైసెన్స్ అడిగింది. ఇవ్వమన్నారు. పేటెంట్ వచ్చి మూడేళ్లు నిండాక, 2011 జూలైలో కంపల్సరీ లైసెన్స్‌కి దరఖాస్తు పెట్టింది. విచారణలో బేయర్ వాదనల్లో ఒకటి నాకు మామూలుగా నచ్చలేదు. సిప్లా కూడా అమ్ముతోంది కదా, జనానికి మందు అందుతోంది కదా అని! మరి అదే సిప్లాని ఆపమని వేరే కోర్టులో కేసు నడుపుతున్నది ఎవరు? ఇంకో వాదన మాత్రం తేలిగ్గా కొట్టేయలేం. ఒక మందు కనిపెట్టడానికి ఏళ్లు పడుతుంది, ఫెయిలైన మందుల ఖర్చు కూడా గెలిచిన మందే మోయాలి, ఆ డబ్బు రాకపోతే రేపటి మందు ఎవరు కనిపెడతారు? ఇది నిజమైన ప్రశ్న. మన కంపెనీలు దీనికి ఇప్పటికీ పూర్తి జవాబు చెప్పలేదు.

2012 మార్చి 9న పేటెంట్ కంట్రోలర్ పి.హెచ్. కురియన్ ఆర్డర్ ఇచ్చారు. మూడు షరతుల్లోనూ బేయర్ తప్పింది అన్నారు. అవసరమైన రోగుల్లో 2 శాతం కంటే కాస్త ఎక్కువమందికే ఆ కంపెనీ మందు చేరింది. ధర మామూలు మనిషికి అందేది కాదు. ఇక్కడ తయారీ లేదు, దిగుమతి చేసుకొచ్చి అమ్ముతోంది. కాబట్టి నాట్కో తయారుచేయొచ్చు, కానీ నెలకి 8,880 రూపాయలు దాటకూడదు, అమ్మకాల్లో 6 శాతం బేయర్‌కి రాయల్టీ కట్టాలి, ఏటా కనీసం 600 మంది పేద రోగులకి ఉచితంగా ఇవ్వాలి. 2,80,428 నుంచి 8,880కి. సుమారు ముప్పై ఒకటో వంతు.

ఇండియాలో అదే మొదటి కంపల్సరీ లైసెన్స్. బేయర్ అప్పీలుకి వెళ్లింది. 2013 మార్చిలో అప్పీళ్ల బోర్డు లైసెన్స్‌ని అలాగే ఉంచి, రాయల్టీని 7 శాతం చేసింది. 2014 జూలైలో బొంబాయి హైకోర్టు సమర్థించింది, దిగుమతి విషయంలో మాత్రం కొంచెం మెత్తబడింది. ఇక్కడ తయారుచేయడం ఎందుకు కుదరదో సరైన కారణం చూపిస్తే దిగుమతిని కూడా వినియోగంగా ఒప్పుకోవచ్చంది. ఆ ఏడాది డిసెంబర్‌లో సుప్రీంకోర్టు బేయర్ పిటిషన్‌ని కొట్టేసింది. ఈ గొడవ మధ్యలో, 2013 చివర్లో, బేయర్ సీఈవో మారైన్ డెకర్స్ ఒక సమావేశంలో, ఈ మందుని ఇండియా మార్కెట్ కోసం తయారుచేయలేదు, కొనగలిగే పాశ్చాత్య రోగుల కోసం చేశాం అనే అర్థంలో మాట్లాడారు. తర్వాత సంజాయిషీ ఇచ్చుకున్నారు. కానీ నిజం చెప్పాలంటే ఆయన నోరు జారి ధరల పట్టిక వెనకున్న లెక్క చెప్పేశారు అనిపిస్తుంది నాకు.

ఇక్కడితో మనవాళ్లు గెలిచారు, సెలబ్రేట్ చేసుకుందాం అని వీడియో ఆపేస్తే వ్యూస్ బాగా వస్తాయి. కానీ తర్వాత జరిగింది కూడా చూడాలి. నెక్సావర్ తర్వాత సెక్షన్ 84 కింద ఇంకొక్క లైసెన్స్ కూడా రాలేదు. ముంబై నుంచి బీడీఆర్ అనే కంపెనీ ఇంకో క్యాన్సర్ మందుకి అడిగితే 2013లో ఇవ్వలేదు. మన హైదరాబాద్ నుంచే లీ ఫార్మా ఒక షుగర్ మందుకి అడిగితే 2016లో తిరస్కరించారు, అదే రకం మందులు మార్కెట్లో వేరేవి ఉన్నాయని. మొదటి లైసెన్స్ తర్వాత అమెరికా నుంచి వాణిజ్య ఒత్తిడి కూడా బాగా పెరిగింది.

అదే సమయంలో విదేశీ కంపెనీలు కూడా పాఠం నేర్చుకున్నాయి. 2014లో అమెరికా కంపెనీ గిలియడ్ హెపటైటిస్ సి మందు సోఫోస్‌బువిర్ విషయంలో ఏం చేసిందో చూడండి. అమెరికాలో ఆ కోర్సు 84,000 డాలర్లు. ఇండియాలో ఎవరో లైసెన్స్ లాక్కునేలోపే, తనే ఏడు ఇండియన్ కంపెనీలని పిలిచి లైసెన్స్ ఇచ్చేసింది. అందులో మన హెటెరో ఒకటి. తయారుచేసుకోండి, మాకు రాయల్టీ ఇవ్వండి, కానీ మేము చెప్పిన 91 దేశాల్లోనే అమ్మాలి. కాస్త డబ్బున్న దేశాలు చాలావరకు ఆ లిస్ట్‌లో లేవు. నాట్కో ముందు ఆ పేటెంట్‌ని వ్యతిరేకించింది, 2015 జనవరిలో పేటెంట్ ఆఫీసు దరఖాస్తుని తిరస్కరించింది కూడా. రెండు నెలలు తిరక్కముందే నాట్కో కూడా గిలియడ్‌తో లైసెన్స్ సంతకం చేసింది. 2016లో ఆ పేటెంట్ వచ్చేసింది. కొట్లాడేవాణ్ని పార్ట్‌నర్‌గా చేసుకోవడం. కోకాకోలా 1977లో వెళ్లిపోయి, 1993లో వచ్చి థమ్సప్‌ని కొన్నది. గిలియడ్ ఆ పదహారేళ్లు ఎదురుచూడలేదు.

ఇప్పుడు మన కళ్ల ముందు జరుగుతున్నది ఇంకొకటి. ఎస్ఎంఏ అనే జబ్బు పేరు మీరు విని ఉంటారు. పదహారు కోట్ల ఇంజెక్షన్ కావాలని చిన్న పిల్లల ఫోటోలతో వాట్సాప్‌లో ఫార్వర్డ్‌లు వచ్చేవి కదా, ఆ జబ్బే. దానికి రోజూ నోటితో తీసుకునే మందు ఒకటుంది, రిస్‌డిప్లామ్. స్విస్ కంపెనీ రోష్‌ది. ఇండియాలో ఒక్క సీసా 6 లక్షల పైన. నాట్కో దాన్ని తయారుచేస్తానంది, రోష్ ఆపమని ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది. ఈసారి కంపల్సరీ లైసెన్స్ కాదు. రోష్ అంతకుముందు తీసుకున్న పేటెంట్‌లోనే ఈ అణువుకి దారి ఉంది, కాబట్టి కొత్త పేటెంట్ చెల్లుతుందా అన్నది ప్రశ్న. 2025 మార్చిలో సింగిల్ జడ్జి నాట్కోని ఆపడానికి ఒప్పుకోలేదు. అక్టోబర్‌లో డివిజన్ బెంచ్ కూడా ఒప్పుకోలేదు. అదే నెలలో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది. నాట్కో సీసా ధర 15,900 రూపాయలు పెట్టింది. అయితే ఇవన్నీ మధ్యంతర ఉత్తర్వులే. పేటెంట్ చెల్లుతుందో లేదో తేల్చాల్సిన అసలు విచారణ ఆ తీర్పులతో ముగియలేదు. రేపు రోష్ గెలిస్తే నాట్కో నష్టపరిహారం కట్టాల్సి రావచ్చు. అప్పటివరకు ఆ మందు ఆ ధరకి దొరుకుతుంది.